వినత నిరీక్షణము: రోగిణియగు తల్లిని గూర్చిన రచనలో సాపేక్షభావము

కావ్యములలో తల్లికి గల స్థానమును గూర్చి మన విమర్శకులు విరివిగా వ్రాసియున్నారు. వ్యాధిని గూర్చి కొంత వ్రాసిరి. వ్యాధిగ్రస్తయగు తల్లి చెంత కూర్చుండి, పరీక్షాఫలితమునకై ఎదురుచూచు బిడ్డ యొక్క స్థితి కావ్యవస్తువు కాదగునా, అగునేని మన లక్షణశాస్త్రము దానిని ఏ పేర పిలువవలెను అను ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఈ ప్రశ్న మాకు గ్రంథాలయమున తోచినది కాదు. నూజివీడు నుండి ఆగిరిపల్లి, నున్న మీదుగా విజయవాడ పోవు బస్సులో తోచినది. మా తల్లిగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. రెండేండ్ల క్రిందట ఆమెకు రొమ్ము కాన్సరు అని తేలి శస్త్రచికిత్స జరిగినది. ఈ వేసవిలో కంటియెముక పైభాగమున చిన్న గడ్డ కనబడగా, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపిరి. స్కాను కూడ తీసిరి. ఫలితము తెలియుటకు తొమ్మిది దినములు పట్టినవి. ఆ తొమ్మిది దినములలో మేమొక సాహిత్యదోషము చేసితిమి. ఆ దోషమే ఈ వ్యాసమునకు మూలము. దానిని చెప్పుటకు ముందు కొంత శాస్త్రచర్చ అవసరము.

మన ఆలంకారికులు వ్యాధిని ఎరుగనివారు కారు. భరతుడు పేర్కొన్న ముప్పదిమూడు వ్యభిచారిభావములలో వ్యాధి యొకటి. మన్మథావస్థలు పదింటిలోను వ్యాధికి ఎనిమిదవ స్థానము కలదు. అయితే ప్రబంధకవుల చేతిలో ఈ వ్యాధి దాదాపుగా విరహిణుల సొత్తైనది. వసుచరిత్రలోని గిరికకు గాని, ఆమె వంటి ఇతర నాయికలకు గాని కలిగిన తాపమునకు చందనము, చిగురుటాకు పాన్పు, వెన్నెల దూషణము చికిత్సలు. అది నాయకుడు వచ్చిన కుదురు వ్యాధి. శరీరము తనంతట తాను చెడుట, దానికి ప్రియుడు గాని దైవము గాని కారణము కాకుండుట అను సంగతి ఆ వర్ణనలకు పట్టలేదు.

రొమ్ము విషయమున ఈ కొఱత మరింత స్పష్టము. మన సాహిత్యమున ఈ అవయవమునకు రెండే త్రోవలు కలవు. ఒకటి శృంగారము, రెండవది స్తన్యము. యశోద చన్నిచ్చిన ఘట్టము పోతన భాగవతము చదివినవారందరకు తెలిసినదే. ఆ అవయవమును కీడుతో జోడించి చెప్పిన ప్రసిద్ధ ఘట్టము పూతనది. ఆమె రాక్షసి, విషము తాను పూసికొని వచ్చినది. రోగముచే బాధపడు రొమ్మునకు ఈ రెండు త్రోవలలో ఎచ్చటను చోటు లేదు. మా తల్లిగారు ముప్పదియేండ్లు ప్రబంధపద్యములు చెప్పినవారు. తరగతిలో బాలబాలికలు కలిసి కూర్చుండుటచే కొన్ని పద్యములను దాటవేయుట ఆమెకు అలవాటు. తన గడ్డ విషయమునను ఆమె ఆ పనియే చేసినది. చేతికి తగిలిన పిమ్మట నాలుగు మాసములు మాతో చెప్పలేదు. చెప్పిన నాడును ‘గుండెమీద ఏదో గడ్డలా ఉంది’ అని మాత్రమే చెప్పినది. మేము బంధువులతో ‘చిన్న ఆపరేషను’ అంటిమి. రాచపుండు అను దేశ్యపదము మన భాషలో ఉన్నది. రాజయక్ష్మ వలెనే రోగమునకు రాచరికమిచ్చిన మాట. దానిని తల్లి యెదుట ఉచ్చరించువాడు లేడు. అర్బుదము అను సుశ్రుతుని పదము పత్రికలకు అలంకారముగా మిగిలినది. నాలుగు మాసములు ఈ రోగమున స్వల్పకాలము కాదు. మాట లేకపోవుటచే కాలము పోయినదని మేము ఆమెను నిందింపలేము. ఆమెకు మాటలు నేర్పిన వాఙ్మయములో మేమును భాగస్వాములమే.

ఇక రసవిచారము. మమ్మటుడు దేవాదివిషయకమగు రతిని భావమనెనే గాని రసమనలేదు. గురువులు, మునులు, రాజులు, పుత్రులు మొదలగువారియందలి ప్రీతియంతయు ఈ లెక్కలోనికే వచ్చును. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వత్సలమును రసముగా అంగీకరించెను. కాని అందు ఆలంబనము బిడ్డ, ఆశ్రయము పెద్దవారు. బిడ్డకు తల్లియందుండు ప్రేమ అచ్చటను రసస్థాయికి రాలేదు. మరి తల్లి యెప్పుడు ఆలంబనమగును? కరుణమున. అనగా ఆమె మరణించిన పిమ్మట. బ్రతికియున్న తల్లిపై బిడ్డకు గల ప్రీతి భావమాత్రము. చనిపోయిన తల్లికై బిడ్డ పడు శోకము పూర్ణరసము. లక్షణకర్తలు దీనిని ఉద్దేశించి చేయలేదు. అయినను ఫలితమిది. ఆధునికులు తల్లిని గూర్చి పద్యమో గేయమో వ్రాయబూనినచో కలము స్మృతిగీతము వైపునకే ఎందుకు జారునో దీనివలన కొంత తెలియును.

ఇచ్చట భరతుని యొక్క విభాగమొకటి మనకు మిక్కిలి ఉపకరించును. నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున, విప్రలంభమునందును కరుణమునందును కనబడు సంచారిభావములు ఇంచుమించు ఒకటియే అయినప్పుడు రెంటికి భేదమేమి అను శంకకు సమాధానము చెప్పబడినది. కరుణము నిరపేక్షము, విప్రలంభము సాపేక్షము. మొదటిదానియందు ఆశ తెగిపోయినది. రెండవదానియందు ఔత్సుక్యము, చింత ఉన్నవి. అనగా ఆశ యున్నది. భరతుడు దీనిని ప్రియుల వియోగమునకే చెప్పెను. అయినను సాపేక్షత అను లక్షణము ప్రియులకే పరిమితము కానక్కరలేదు. సుమంత్రుని రథము తిరిగివచ్చువరకు దశరథుని స్థితి సాపేక్షము. రిక్తరథము కనబడిన పిమ్మట అది వేరైనది. పరీక్షాఫలితమునకై ఎదురుచూచు బిడ్డ స్థితియు అట్టిదే. ఆలంబనము కన్నుల యెదుట ఉన్నది, మాటలాడుచున్నది, ఆకలి యగుచున్నదనుచున్నది. ఎడబాటు జరుగలేదు; జరుగునేమోయను శంక యున్నది. దీనిని కరుణమనుట శాస్త్రవిరుద్ధము. అంతకంటె, ఎదుటనున్న మనిషికి అన్యాయము.

వైద్యమును కొంచెము తెలిసికొన్నవారికి ఈ సాపేక్షత ఒక్కమారు వచ్చి పోవునది కాదని తెలియును. మొదట ముక్క పరీక్ష: తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నిలువచేసి, మైనములో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూతురు. అది కాన్సరు అవునా కాదా అను ప్రశ్నకు జవాబు. అవునని తేలినచో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకములు, హెర్-2 అను మాంసకృత్తు ఉన్నవో లేవో చూచుటకు మరికొన్ని దినములు. చికిత్స దానిని బట్టి మారును. హెర్-2 ఫలితము అటునిటు కాకుండ వచ్చినచో ఫిష్ అను మరియొక పరీక్ష. పిమ్మట స్కానులు: రోగము ఇతరస్థలములకు పోయినదా అనునది వాని ప్రశ్న. ఉన్నదా, ఏ జాతిది, ఎచ్చటికి పోయినది. మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు భయములు. మన చలనచిత్రములలో ఇదంతయు వైద్యుడు కళ్లజోడు తీసి తుడుచుకొను ఒక్క దృశ్యముగా కుదించుట పరిపాటి. ఆ కళ్లజోడుతో మాకు తగవు లేదు గాని, అచ్చట పోయినది కాలము. కాలము పోయినచో ఈ వస్తువే లేదు.

ఇట్టి కాలమును వస్తువుగా గైకొన్న కథ మనకు లేకపోలేదు. ఆదిపర్వములోని కద్రూవినతల ఉపాఖ్యానమును మేము ఈ దృష్టితో మరల చదివితిమి. కద్రువ గ్రుడ్లు ఐదువందల యేండ్లకు పొదిగి పాములైనవి. వినత గ్రుడ్లు రెండును కదలలేదు. సవతి సంతానమును చూచి సిగ్గుపడి, ఆగలేక, వినత ఒక గ్రుడ్డును పగులగొట్టినది. పై సగము మాత్రమే ఏర్పడి, తొడలు లేని అనూరుడు బయటికి వచ్చి తల్లికి దాస్యము కలుగునని శపించెను. రెండవ గ్రుడ్డును ఇట్లు చేయవద్దని, మరి ఐదువందల యేండ్లు ఓపికపట్టుమని చెప్పి సూర్యరథమునకు సారథియై పోయెను. వినత ఆ యేండ్లన్నియు దాసిగా, గ్రుడ్డు చెంత గడపినది. గరుడుడు పుట్టి, తల్లి దాస్యమునకు కారణము తెలిసికొని, అమృతము తెచ్చి ఆమెను విడిపించినది తరువాతి కథ.

ఈ కథను సామాన్యముగా మాతృభక్తికి నిదర్శనముగా చెప్పుదురు. గరుడుడే అందు నాయకుడగును. మా దృష్టిలో కథాకేంద్రము రెండవ గ్రుడ్డు. ఆగలేకపోవుట యేమి చేయునో ఒకమారు చూచినది, ఆగవలసి వచ్చినది. లోపల ఏమున్నదో తెలియదు. పగులగొట్టినచో తెలియును, తెలిసికొనుటయే దానిని చెఱచును. నన్నయ వంటి కవి చేత తెలుగైన మొదటి పర్వములోనే నిరీక్షణమును గూర్చి ఇంత కఠినమైన ఆలోచన యుండగా, తర్వాతివారు దానిని మాతృస్తుతి క్రిందికి దించుట వింత.

ఇక మా దోషము. తొమ్మిది దినములలో నాలుగవ రాత్రి మేమొక సీసపద్యము వ్రాసితిమి. తల్లిగారి పాఠములు, చేతివ్రాత, మామిడితోటలో పూతకాలమున మమ్ము వెంటబెట్టుకొని తిరుగుట మొదలగునవి అందు వర్ణితములు. వ్రాయునప్పుడు కన్నీరు వచ్చినది. అందుచే పద్యము మంచిదని భ్రమపడితిమి. మరునాడు ఇంట ఆవకాయ పెట్టుచుండిరి. మా తోటను పూతమీదనే గుత్తకిచ్చితిమి గాని ఇంటి వాడకమునకని ఒక చెట్టు విడిచిపెట్టుట మామూలు. శస్త్రచికిత్స జరిగిన వైపు చేతితో బరువుపని చేయరాదని వైద్యులు చెప్పుటచే తల్లిగారు కత్తిపీట ముట్టలేదు. మా చెల్లెలు కాయలు కొట్టుచుండ, ఆమె ముక్కలలోని జీడి తీసి, పొర తీసి, గుడ్డతో తుడుచుచుండెను. మా కాగితము ఎట్లో ఆమె కంటబడినది. చదివి, కళ్లజోడు పైనుండి చూచి ఇట్లనెను:

“ఏరా, నేనింకా ఇక్కడే కూచుని ముక్కలు తుడుస్తున్నాను కదా. మూడో పాదంలో ‘ఉండెను’ అన్నావేం? ‘ఉన్నది’ అను. రెండూ భగణమే. సీసం కాబట్టి ప్రాస గొడవ కూడా లేదు.”

ఆమె చెప్పినది అక్షరాల నిజము. రెండును గురువు, రెండు లఘువులు. రెండును ఉకారముతోనే మొదలగును గనుక యతికిని భంగము లేదు. ఛందస్సు మమ్ము భూతకాలమునకు నిర్బంధింపలేదు. మేమే పోయితిమి. శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, సాపేక్షమైన వస్తువును నిరపేక్షముగా నిర్వహించితిమి. మమ్మటుని కాలమునుండి వచ్చిన అలవాటున తల్లిని రసాలంబనము చేయుటకు ఆమెను ముందుగా చంపితిమి. మా పద్యము అనూరుని వంటిది. పై భాగము చక్కగానే యున్నది. నిలుచుటకు కాళ్లు లేవు.

ఆమె ‘ముక్కలు తుడుస్తున్నాను కదా’ అన్న మాటలో మరియొక సంచారిభావము కలదు. దాని పేరు అవహిత్థ. లోని భావమును బయటికి కనబడనీయకుండుట అని దాని యర్థము. లజ్జ, భయము, అపజయము, గౌరవము, కపటము మొదలగునవి విభావములని భరతుడు చెప్పెను. అనుభావములు కూడ చెప్పెను: వేరొక మాట ఎత్తుట, చూపు మరల్చుట, మాట మధ్యలో త్రెంచుట, లేని ధైర్యమును తెచ్చిపెట్టుకొనుట. ఆలంకారికులు దీనికి తరచు చూపు ఉదాహరణము కుమారసంభవములోనిది. అంగిరసుడు వివాహప్రస్తావన చేయుచుండ, తండ్రి ప్రక్కన పార్వతి చేతిలోని తామరరేకులను లెక్కించినది. లోపలనున్నది హర్షము, దాచినది లజ్జచే.

ఆ తొమ్మిది దినములు మా యింట భరతుడు చెప్పిన నాలుగు అనుభావములును నిత్యము కనబడినవి. గుత్తదారు రెండవ వాయిదా ఇంకను తేలేదని ఆమె మాట మార్చును. ఫోను మ్రోగినచో మేము గోడమీది క్యాలెండరు వైపు చూతుము. చెల్లెలు ‘ఒకవేళ...’ అని త్రెంచివేయును. లేని ధైర్యమునకు లోటే లేదు. అయితే భరతుని విభావములలో ఏది దీనికి కారణము? భయము కొంత. లజ్జ లేదు. కపటము అసలే కాదు. ఒకరికొరకు ఒకరు దాచుట, అనగా స్నేహము, ఆ పట్టికలో పేరెత్తి చెప్పబడలేదు. ‘మొదలగు’ అను మాటలో చేర్చుకొనవలెను. ఈ చేర్పును కేవలము చిల్లర సవరణగా భావింపరాదని మా మనవి. పార్వతి దాచినది ఒకవైపు అవహిత్థ. తండ్రి ఎరుగునో లేదో కవి చెప్పడు. ఇచ్చట రెండువైపుల అవహిత్థ యున్నది. ప్రతివారును ఎదుటివారు దాచుచున్నారని ఎరుగుదురు. ఎరిగినట్లు కనబడకుండుట రెండవ దాపఱికము. రోగిణియగు తల్లిని గూర్చి వ్రాయువాడు పట్టవలసిన సూక్ష్మము ఇదియే. ఏడ్పును వర్ణించుట సులభము. ఏడ్వకుండుటకు చేసిన పనులను వర్ణింపవలెను.

ఈ దృష్టితో ఇతరభాషలలోని రెండు రచనలను చూచుట యుక్తము. ఆంగ్లనవలాకర్త్రి ఫ్రాన్సెస్ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో మత్తుమందు లేని కాలమున రొమ్ము తొలగించిరి. శస్త్రవైద్యుడు నెపోలియన్ సైన్యమునకు చెందిన లారీ. ఆమె సోదరి ఎస్తరునకు వ్రాసిన లేఖ ప్రసిద్ధము. పాఠకులు ఆ లేఖలో కత్తిని గూర్చిన భాగమునే స్మరింతురు. మాకు అంతకంటె గొప్పగా తోచినది దానికి ముందటి భాగము. రావలసిన వైద్యులు మధ్యాహ్నము మూడుగంటలకు గాని రారని కబురు వచ్చుట, సిద్ధముచేసిన కట్లగుడ్డలను, స్పంజీలను చూచి ఆమెకు వికారము కలుగుట, గదిలో అటునిటు నడచి నడచి మనస్సు మొద్దుబారుట అందు కలవు. ఇవన్నియు జరుగుచున్న దినము తన భర్తకు తెలియకుండునట్లు, ఆయన ఇంట లేకుండునట్లు ఆమెయే ఏర్పాటు చేసినది. ఇది రోగిణి చేసిన అవహిత్థ. ఆ లేఖను ముగించుటకు ఆమెకు నెలలు పట్టినవి. ఆమె 1840 వరకు జీవించినది. అనగా మరి ఇరువదియెనిమిదేండ్లు. ఆ దినమున ఎవరైన ఆమెకు స్మృతిగీతము వ్రాసియుండినచో అది ఎంత హాస్యాస్పదమై యుండెడిదో ఊహింపవచ్చును.

రెండవది సిమోన్ ద బొవార్ 1964లో తన తల్లి మరణమును గూర్చి వెలువరించిన చిన్న పుస్తకము. పడి తొడయెముక విరుగుటచే ఆసుపత్రిలో చేరిన తల్లికి కాన్సరు అని బయటపడినది. కుమార్తెలు ఆమెతో పెరిటోనైటిస్ అని చెప్పిరి. ఇచ్చట దాచినవారు బిడ్డలు. తల్లి కోలుకొనుచున్నానని సంతసించుచుండ, బిడ్డలకు నిజము తెలియును, పాఠకునకును తెలియును. అందుచే తల్లి పక్షమున ఆ గ్రంథము సాపేక్షము, బిడ్డల పక్షమున నిరపేక్షము. ఈ విచ్ఛేదమును ఆమె ఏమాత్రము కప్పిపుచ్చుకొనలేదు. తన అబద్ధముతో తాను వాదులాడుకొన్నది. గ్రంథబలమంతయు అందే యున్నదని మా యభిప్రాయము. అయినను మేము చెప్పుచున్న స్థితి అదికాదు. అచ్చట ఒకవైపు జ్ఞానమున్నది. మా స్థితిలో జ్ఞానము ఎవరివద్దను లేదు; అది విజయవాడలో ఒక గాజుపలకపై ఉన్నది.

తెలుగునాట ఈ రోగము శిలాఫలకముల మీదికి ఎక్కిన విధమును కూడ గమనింపవచ్చును. నందమూరి తారకరామారావు సతీమణి బసవతారకము కాన్సరుతో మరణించిన పిమ్మట ఆమె పేర హైదరాబాదులో ఆసుపత్రి వెలసి 2000లో ప్రారంభమైనది. శస్త్రవైద్యుడు పి. రఘురామ్, తల్లికి రొమ్ము కాన్సరు వచ్చిన పిమ్మట ఇంగ్లండు విడిచి వచ్చి, 2007లో హైదరాబాదున ఆమె పేర రొమ్ము వ్యాధుల కేంద్రమును నెలకొల్పెను. రెండవ ఉదాహరణము మాకు ప్రత్యేకముగా నచ్చును. ఆ కేంద్రమునకు పేరుపెట్టునాటికి ఆ తల్లి బ్రతికియుండినది. కవులు సందేహించినచోట ఒక వైద్యుడు వర్తమానకాలమును వాడెను.

ఒక ఆక్షేపణ రావచ్చును. ఫలితము తెలియనిచో కథకు నిర్వహణ మెట్లు? బీజము ఫలింపవలెను గదా? ఈ ఆక్షేపణ బలమైనదే. మేము కూడ మొదట ఫలితము వచ్చిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయుదమని ఆగితిమి. తొమ్మిదవ దినమున ఫలితము వచ్చినది. కంటియెముక పై గడ్డలో కాన్సరు కణములు లేవు. ఇంట అందరును నవ్విరి. తల్లిగారు మాత్రము కాగితము రెండవ పుట తిప్పినది. పండితురాలు గనుక రెండవ పుట చదువక వదలదు. స్కానులో ఊపిరితిత్తిపై కొన్ని మిల్లీమీటర్ల మచ్చ యొకటి కనబడినదనియు, అది ఏమైనదియు ఇప్పుడే చెప్పుటకు వీలులేనంత చిన్నదనియు, మూడు మాసముల పిమ్మట మరల స్కాను తీయవలెననియు అందున్నది. ఇట్టి మచ్చలు పెక్కు సందర్భములలో నిరపాయకరములే యని వైద్యులు చెప్పిరి. కాని రోగచరిత్ర యున్నవారి విషయమున చూడక వదలరాదనిరి. కావున ఈ వస్తువున ఫలితము నిర్వహణసంధి కాజాలదు. అది రెండవ గ్రుడ్డు మాత్రమే. నాటకీయముగా ముగింపగోరు రచయిత ఇచ్చట తప్పక బొంకవలసివచ్చును. లేదా రచనను తెఱచియుంచుటకు ధైర్యము తెచ్చుకొనవలెను.

ఇది వ్రాయునాటికి ఆ మూడు మాసములలో ఏబది దినములు గడచినవి. తోటలో కోతలు ముగిసినవి. గుత్తదారు రెండవ వాయిదా ఇచ్చెను. సీసములో మూడవ పాదము దిద్దితిమి. ఎత్తుగీతిని ఇంకను వ్రాయలేదు. తల్లిగారు రెండుమారులు అడిగినది. మేము యతి కుదురలేదని చెప్పితిమి. ఆమె నమ్మినట్లే కనబడినది.